మా బంకు అరుగు నుంచి షెల్టర్ మంచం దాకా

నెల్లూరు ఆత్మకూరు బస్టాండ్ దగ్గర మా టీ బంకు. రాత్రి మూసేశాక ముందున్న అరుగు మీద ఒక పెద్దాయన పడుకునేవాడు. నాకు తెలిసి ఆరేళ్లు. తెల్లవారుజామున నేను పాల క్యాన్‌తో వచ్చేసరికి గోనెపట్టా మడిచి, అరుగంతా ఊడ్చి ఉంచేవాడు. అద్దె కింద జమ అనుకున్నాడేమో.

పోయిన కార్తీకంలో వాయుగుండం పట్టి అరుగు మీదికి నీళ్లొచ్చాయి. నిరాశ్రయుల షెల్టర్ ఉందని ఎవరో చెబితే ఆటో ఎక్కించాను. "నన్ను యాడో పడేసి పోతావా నాయనా?" అని దారంతా అదే మాట.

అక్కడి కేర్‌టేకర్ మంచివాడు. రిజిస్టర్లో పేరు రాసుకుని, మంచం చూపించి, "ఆధార్ ఉంటే తర్వాత తెండి" అన్నాడు. మూడు రోజులాగి చూడ్డానికి పోతే పెద్దాయన మంచం పక్కన నేల మీదే పడుకుని ఉన్నాడు, చెప్పులు తల కింద పెట్టుకుని. బయట పడుకునేవాళ్లకు ముందు పోయేవి చెప్పులేనట.

అసలు తిప్పలు ఆధార్‌తో మొదలయ్యాయి. పింఛనుకైనా, బియ్యం కార్డుకైనా అదే కావాలి. ఆధార్‌కేమో చిరునామా కావాలి. ఇల్లే లేని మనిషికి చిరునామా ఎక్కణ్నుంచి తెచ్చేది? షెల్టర్ వాళ్లు ఫొటో అంటించి, సంతకం పెట్టి, స్టాంపు వేసి సర్టిఫికెట్ ఇస్తే చెల్లుతుందని మాకు తెలిసేసరికి రెండు వారాలు గడిచాయి. ఒక సెంటర్లో ఆ కాగితం వైపు చూడనైనా లేదు. ఇంకోచోట తీసుకున్నారు. మూటలు మోసిన చేతులు, వేలిముద్రలు సరిగ్గా పడలేదు, కళ్లు స్కాన్ చేశారు. నెల తర్వాత రిజెక్ట్ అని వచ్చింది. ఈయనకు ఎప్పుడో ఆధార్ తీశారట! "తీసినట్టున్నారు నాయనా, ఊళ్లో ఉన్నప్పుడు" అన్నాడు తాపీగా. నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. మళ్లీ కంటిపాపలతోనే పాత నంబరు వెతికించి, షెల్టర్ కాగితంతో చిరునామా మార్పించాం. పింఛనుకు అర్జీ రాసిపెట్టాం. వస్తే నెలకు 4,000. ఇంకా రాలేదు.

ఈ తిరుగుళ్లలో కేర్‌టేకర్ దగ్గర చాలా తెలుసుకున్నా. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడుగునా, ఇరవై నాలుగు గంటలూ నడపాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. 2013లో వచ్చి 2024 దాకా నడిచిన కేంద్ర ప్రభుత్వ పథకం, పట్టణ జీవనోపాధి మిషన్‌లో ఇదీ ఒక భాగంగా ఉండేది. మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి, ఖర్చులో రూపాయికి కేంద్రం 60 పైసలు, రాష్ట్రం 40 పైసలు పెట్టుకునేవి. నడిపే ఖర్చు మాత్రం ఐదేళ్ల వరకే ఇచ్చేవాళ్లు. తర్వాత రాష్ట్రమో, ఇక్కడి కార్పొరేషన్ వాళ్లో చూసుకోవాలి. కట్టడానికి దొరికినంత తేలిగ్గా నడపడానికి డబ్బు దొరకదని నాకు అర్థమైంది. గోడలకు జీతం ఇవ్వక్కర్లేదు కదా.

పోయిన వారం కొత్త ఆధార్ ప్రింటు ఇవ్వడానికి వెళ్లాను. పెద్దాయన దాన్ని మడిచి గ్లాసులో పెట్టుకున్నాడు. చెప్పులు ఇప్పుడు మంచం కిందే ఉన్నాయి. బయటికొస్తుంటే కేర్‌టేకర్ గేటు దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, నాలుగు నెలలుగా జీతం పడలేదు. మీ బంకులో పొద్దుటి పూట ఏమన్నా పనుంటే చెప్తావా?"