మామ గొర్రెలు, ఇంగ్లండు బ్యాడ్జర్లు

నిన్న కళ్యాణదుర్గం దగ్గర మామ గొర్రెల్ని చూసొచ్చా. పోయినేడు నలభై ఉండేవి, ఇప్పుడు తొంభై, బీడు మాత్రం అదే, వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు ఒక్కొక్కటీ తగుల్తున్నాయి. రోగమేమో అని నాకు టెన్షన్. మామ నవ్వి "రోగం కాదు అబ్బీ, నోర్లు ఎక్కువైనాయి" అన్నాడు.

ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో బ్యాడ్జర్లదీ (బొరియల్లో ఉండే, మొహం మీద నలుపు తెలుపు చారలుండే జంతువులు) ఇదే కథ. 1987 నుంచి ఏళ్ల తరబడి పరిశోధకులు వాటిని పట్టుకుని, తూకం వేసి, వదిలేస్తూ వచ్చారు. సంఖ్య పెరిగేకొద్దీ బరువు, ఒంటి పుష్టి తగ్గాయట. అక్కడ వాటి ముఖ్యమైన తిండి వానపాములు, నేల ఎండితే అవేమో లోపలికి దిగిపోతాయి (మా అనంతపురంలో అయితే ఆ బ్యాడ్జర్లు వారం కూడా బతకవు పాపం). మామకు చెప్తే, "వాటిని అమ్మనీకి సంత కూడా లేదు కదరా" అన్నాడు.