కోయీ షక్?

ఆర్మీలో 17 ఏళ్ళు చేసి హవల్దారుగా బయటికొచ్చాను. ఇప్పుడు అమలాపురంలో బీఏ చదువుతున్నాను. పొద్దున్నే ముక్తేశ్వరంలో బస్సు కోసం నిలబడితే కిళ్ళీకొట్టాయన రోజూ ఒకటే మాట: "ఏవండీ మిలిటరీగారూ, బడికేనా?" ఆయ్, బడికేనండి.

మూడేళ్ళ లా కోర్సు చదవాలని నా కోరిక. దానికి డిగ్రీ కావాలి. నా దగ్గర ఒకటుందనే అనుకున్నాను. పదో తరగతి పాసై 15 ఏళ్ళు సర్వీసు దాటితే, డిగ్రీతో సమానమని మాకో సర్టిఫికెట్ ఇస్తారు. ల్యామినేషన్ చేయించి మరీ పట్టికెళ్ళాను. ఆఫీసులో గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గ్రూప్ సి ఉద్యోగాలకండీ, చదువుకి పనికిరాదు" అన్నాడు. పాపం, అతను చెప్పింది నిజమే. ఆ కాగితం మళ్ళీ నల్ల ట్రంకుపెట్టెలోకి పోయింది.

మొదటిరోజు క్లాసు పదింటికన్నారు. మాకు పదంటే తొమ్మిదీ యాభై అయిదు. నేనింకా ముందే వెళ్ళాను. అటెండరు గదులూడుస్తున్నాడు, "పేరెంటా అండీ?" అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పులేదు. మా క్లాసులో ఒక కుర్రాడి వాళ్ళమ్మ పదో తరగతిలో నా క్లాస్‌మేటు.

హాజరు పిలిచారు. నా నంబరు రాగానే లేచి, మడమలు కలిపి, "హాజిర్ శ్రీమాన్!" అని అరిచాను. గిణతిలో, అంటే ఆర్మీ హాజరులో, 17 ఏళ్ళు పలికిన నోరు, ఊరుకుంటుందా? వారంపాటు నా పేరు శ్రీమాన్. తర్వాత బాబాయ్‌నయ్యాను. పాఠాలేమో ఇంగ్లీషులో. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే కదా. నాకు హిందీ ధారాళంగా వస్తుంది, ఇంగ్లీషు వైర్‌లెస్ సెట్టులో మాట్లాడేంత. పక్క బెంచీ అమ్మాయి నా పుస్తకంలో పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసిపెడుతుంది.

అసలు కష్టం అదీ కాదు. ట్రైనింగులో పాఠం అయ్యాక ఉస్తాద్ "కోయీ షక్?" అంటాడు. ఏమైనా అనుమానమా అని. అందరం ఒక్క గొంతుతో "నహీ ఉస్తాద్!" అనాలి. అనుమానం ఉన్నా సరే. ఇక్కడ పొలిటికల్ సైన్స్ మేడమ్ "ఎనీ డౌట్స్?" అనగానే "నో మేడమ్!" అని మొత్తం క్లాసు తరఫున నేనొక్కణ్ణే కేకేశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి మెల్లిగా చెయ్యెత్తి, "నాకుంది మేడమ్" అంది.

మొన్న ప్రాథమిక హక్కులు చెప్పారు. ఆర్టికల్ 19, మాట్లాడే హక్కు, సంఘం పెట్టుకునే హక్కు. ఆ తర్వాత ఆర్టికల్ 33. సైన్యంలో ఉన్నవాళ్ళకి ఈ హక్కులు ఎంతవరకో పార్లమెంటు నిర్ణయిస్తుందని. 1950 ఆర్మీ చట్టంలో 21వ సెక్షన్ అందుకే ఉందట: యూనియన్, రాజకీయ సభ, పేపరుకి రాయడం, వీటికి కట్టడి. చెయ్యకూడదని నాకెప్పుడో తెలుసు. దానికో నంబరుందని తెలీదు. పెన్సిల్ గీతలున్న ఆ పేజీని మూడుసార్లు చదివాను.

"ఎనీ డౌట్స్?"

చెయ్యి లేచింది. "రిటైరైపోతే ఈ 33 వదిలేస్తుందా మేడమ్?" గొంతు కొంచెం వణికింది, దాచడమెందుకు.

"వదిలేసినట్టేనండీ. ఇప్పుడు మీరూ అందరిలాంటి పౌరులే" అన్నారావిడ.

వెనక నుంచి ఒకడు, "అయితే బాబాయ్, శుక్రవారం ధర్నాకి వచ్చేయ్!" అన్నాడు. సాయంత్రం బస్సులు చాలట్లేదని పిల్లలు గడియార స్తంభం దగ్గర కూర్చుంటారట. క్లాసంతా నవ్వింది, మేడమూ నవ్వారు. వాడు మాత్రం గంట కొట్టాక వరండాలో పట్టుకుని మళ్ళీ అడిగాడు.

పదిన్నరకట. అంటే పదీ ఇరవై అయిదుకి.