సంతోషం నిష్ఠూరంగా మారకుండా

ఏళ్ల తర్వాత కొడుకో కూతురో గుమ్మంలో నిలబడితే చాలామంది అమ్మానాన్నల నోట ముందుగా వచ్చే మాట "ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?". మనసు నిండా ఉన్నది సంతోషమే, కానీ బిడ్డ చెవిన పడేది నిష్ఠూరం. "నువ్వు వచ్చావు, నాకు చాలా సంతోషంగా ఉంది" అనేసి అక్కడే ఆగిపోవాలి. ఈ మాట ముందే రెండు మూడుసార్లు పైకి అనుకోండి. ఆ క్షణంలో నోటికొచ్చేది అలవాటైన మాటే.

మాటలు తెగిపోయి ఉంటే మొదటి మెసేజ్ దగ్గరే చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి. నాలుగైదు వాక్యాలు చాలు: "నిన్ను తరచూ తలుచుకుంటున్నాను. నీతో మాట్లాడాలని ఉంది. నీకు వీలైనప్పుడు, నీకు నచ్చిన పద్ధతిలో. జవాబు ఇవ్వకపోయినా ఏమీ అనుకోను." చిన్నప్పటి ఫొటోలు, "నాకు ఒంట్లో బాగుండటం లేదు" అనే కబురు, బంధువులతో చెప్పించడం, ఈ మూడూ వద్దు. ప్రేమతో చేసినా బిడ్డకు అవి ఒత్తిడిగానే తోస్తాయి. చదివినట్టు గుర్తు కనిపించినా జవాబు రాకపోవచ్చు, దాన్ని తిరస్కారం అనుకోకండి. కనీసం నెల రోజులు రెండో మెసేజ్ పంపొద్దు. ఇక సంప్రదించవద్దని బిడ్డ ఇదివరకే స్పష్టంగా చెప్పి ఉంటే దాన్ని గౌరవించాలి, వేరే నంబరు నుంచి ప్రయత్నించడం ఉన్న కాస్త నమ్మకాన్నీ పోగొడుతుంది.

క్షమాపణ చెప్పాల్సి ఉంటే, ఏం చేశారో ఆ పని పేరు పెట్టి చెప్పండి. "నీకు బాధ కలిగి ఉంటే క్షమించు" అన్న వాక్యం పనిచేయదు, ఆ "ఉంటే" బాధనే అనుమానిస్తుంది. "నలుగురిలో నిన్ను అవమానించాను, అది తప్పు" అంటే సరిపోతుంది. దాని వెనకే "కానీ ఆ రోజుల్లో మా పరిస్థితి..." అని మొదలుపెడితే చెప్పిందంతా వృథా.

ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న లెక్క తేలాకే కలుస్తామనుకుంటే ఆ రోజు రాదని నా గట్టి అభిప్రాయం. కుటుంబాల్లో తెగిన సంబంధాలను పరిశోధించిన కార్నెల్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త కార్ల్ పిల్లెమర్ 2020లో ప్రచురించిన అమెరికా సర్వేలో 27 శాతం మంది వయోజనులు కుటుంబంలో ఎవరో ఒకరితో తమకు సంబంధాలు లేవన్నారు. మళ్లీ కలిసినవాళ్లతోనూ ఆయన మాట్లాడారు. గతం గురించి తమ కథనాన్నే ఎదుటివాళ్లు ఒప్పుకోవాలన్న పట్టు వదిలాకే దారి దొరికిందని వాళ్లలో చాలామంది చెప్పారు.

మొదటి కలయికకు ఒకటిన్నర గంట చాలు. ఎప్పుడు ముగుస్తుందో ముందే అనుకోండి, బాగా సాగుతున్నా ఆ సమయానికే లేవండి. పాత ఇంట్లో పెట్టుకుంటే పాత పాత్రలే తిరిగొస్తాయి: మీరు మందలిస్తారు, వాళ్లు ముడుచుకుంటారు. అందుకే బయట, వీలైతే పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకునే చోటు మేలు. ఎదురెదురుగా కూర్చుంటే ప్రతి మౌనమూ బరువెక్కుతుంది, నడకలో మౌనం మామూలుగానే ఉంటుంది. జీతం, పెళ్లి, పిల్లల సంగతి మీరు ఎత్తకండి. "ఈ మధ్య నీ రోజులు ఎలా గడుస్తున్నాయి?" అని అడిగి వినండి. మీకు తెలిసిన బిడ్డ ఇల్లు విడిచిన నాటి బిడ్డ, ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఇష్టాలు, భయాలు కొత్తగా తెలుసుకోవాల్సినవే. కన్నీళ్లొస్తే రానివ్వండి, మిమ్మల్ని ఊరడించే బాధ్యత మాత్రం బిడ్డ మీద పడనీయకండి.

ఆ తర్వాత వారమో రెండు వారాలో బిడ్డ మౌనంగా ఉండిపోవచ్చు. కలయిక బాగా జరిగినా మనసు అలిసిపోతుంది. ఈ మౌనంలోనే చాలామంది తల్లిదండ్రులు కంగారుపడి రోజూ ఫోన్ చేసి, తెరుచుకున్న తలుపును మళ్లీ మూసేసుకుంటారు. "నిన్ను చూశాక మనసు తేలికపడింది" అని మర్నాడు ఒక్క వాక్యం పంపి ఊరుకోండి. మాటలు కుదురుకున్నాక వారానికి ఒక ఫోన్, పదిహేను ఇరవై నిమిషాలు, వాళ్లకు వీలైన వేళకు. రెండోసారి ఎప్పుడు, ఎక్కడ కలవాలో వాళ్లనే చెప్పనివ్వండి. అల్లుడో కోడలో ఉంటే, వాళ్ల గురించి బిడ్డ తనంతట తాను చెప్పేదాకా ఆగి, అప్పుడు పేరు పెట్టి కుశలం అడగండి.