మంగళవారం చపాతీ పిండి

ఇవాళ మంగళవారం. మామయ్య గారు రాత్రిపూట అన్నం ముట్టరు, పలారమే. అందుకని సాయంత్రం ఆరింటికే చపాతీ పిండి కలిపి మూత పెట్టాను. బాబు వంటింటి గడప దగ్గర కూర్చుని గ్రహాల చార్టు రాసుకుంటున్నాడు. మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అంగారకుడి బొమ్మ కింద "పృథిబీర అధా" అని రాశాడు. భూమిలో సగం అని.

"దేంట్లో సగం నాన్నా?" అని అడిగాను.

"సగమంటే సగమే కదమ్మా" అన్నాడు.

వాడు రాసింది తప్పు కాదు. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, అంగారకుడిది 6,779. సగం కన్నా కాస్త ఎక్కువే. కానీ అంతటితో వదిలేస్తే రెండు అంగారకుల్ని కలిపితే ఒక భూమి అవుతుందని వాడి మనసులో ఉండిపోతుందేమో అనిపించింది. పిండి గిన్నె కింద పెట్టి వాణ్ణి పీట దగ్గరికి పిలిచాను.

రెండు వేల కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు అనుకున్నాం. భూమికి 6.4 సెంటీమీటర్ల ఉండ కావాలి. పీట మీద ఉండకు అటొకటి ఇటొకటి అగ్గిపెట్టెలు నిలబెట్టి, మధ్య దూరం స్కేలుతో కొలిచాడు. ఎక్కువైతే గిల్లి తీశాం, తక్కువైతే అతికించాం. తర్వాత అదే ఉండను విడగొట్టి 3.4 సెంటీమీటర్ల అంగారకుల్ని చేయమన్నాను. రెండయ్యాయి, మూడయ్యాయి. నాలుగోది చేస్తూ నా మొహం కేసి చూశాడు. మొత్తం ఆరు వచ్చాయి. ఇంకా పిండి మిగిలింది! అందులో 2.4 సెంటీమీటర్ల బుధుడు, 1.7 సెంటీమీటర్ల చందమామ కూడా వచ్చేశాయి. ఆ తర్వాత కూడా చందమామకు కొంచెం తక్కువ పిండి చేతిలో ఉంది. ఒక్క భూమిలో ఇంత మంది పడతారని నాకూ చేసి చూస్తే కానీ తెలియలేదు.

శుక్రుడి కోసం వేరే ఉండ చేయాల్సి వచ్చింది. 12,104 కిలోమీటర్లు కదా, మా కొలతలో భూమికీ దానికీ తేడా మూడు మిల్లీమీటర్లే. పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేకపోయాం.

మామయ్య గారు పంచాంగం పక్కన పెట్టి వచ్చి చూశారు. "కుజుడు భూమిపుత్రుడే కదమ్మా, తల్లి కన్నా చిన్నగానే ఉంటాడు" అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. మళ్ళీ ఆయనే, "ఇంత చిన్నదాని మీద తిరగడానికి చోటెక్కడిది?" అని అడిగారు. చోటుకేం లోటు లేదు. అక్కడ సముద్రాలు లేవు కాబట్టి నేలంతా కలిపితే దాదాపు 14.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన భూమి మీద నీళ్ళు తీసేసి ఉత్త నేల లెక్కేసినా 14.9 కోట్లే.

ఒక్క బరువు దగ్గర మాత్రం పిండి నిజం చెప్పదు. భూమి లోపల ఇనుము ఎక్కువ, పైగా తన బరువుకు తనే నొక్కుకుపోయి ఉంటుంది. అందుకే అంగారకుడు బరువులో భూమికి పదో వంతు కన్నా కొంచెమే ఎక్కువ. బుధుడు అంతకన్నా బాగా చిన్నవాడైనా లోపలంతా ఇనుప ముద్దే కాబట్టి ఆకర్షణలో అంగారకుడికి తీసిపోడు. ముప్పై కిలోల మా బాబు ఆ రెండింటిలో ఎక్కడ నిలబడినా పదకొండు కిలోలే తూగుతాడు.

చిన్నవాడు కావడమే అంగారకుడికి చేటు చేసింది. గిన్నెలో పాల కన్నా గ్లాసులో పాలు ముందు చల్లారిపోయినట్టు, లోపలి వేడి తొందరగా తగ్గిపోయింది. దాంతో అయస్కాంత కవచం పోయింది, గాలి నిలవలేదు. ఇప్పుడక్కడి గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో నూరో వంతు కూడా లేదు. ఒకప్పుడు నదులు పారిన చోటు అది. ఆ ఎండిన కాలవల ఫొటోలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

బాబు "అధా" పక్కన ఒడియాలో ఇంకో మూడు లైన్లు చేర్చాడు: వెడల్పులో సగం, పరిమాణంలో దాదాపు ఏడో వంతు, బరువులో పదో వంతు. మామయ్య గారు మూడు అంగారకుల్ని కాల్పించుకుని బంగాళాదుంప కూరతో తిన్నారు. చందమామను మాత్రం ఒత్తనివ్వలేదు వాడు. కిటికీ గట్టు మీద ఆరబెట్టాడు, ఎల్లుండి చార్టుకు అతికిస్తాడట.