మూడో వరుసలో అమ్మ

మెహదీపట్నం సిగ్నల్ దగ్గర ఇంజిన్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయేసరికి, పిల్లలకు రెండో వరుస వదిలేసి వెనక కూర్చున్న అమ్మ "బండి చెడిపోయిందేమిట్రా?" అని కంగారుపడింది.

ఈరోజు మేము నడిపి చూసిన, ఇంజిన్‌తో పాటు బ్యాటరీతోనూ నడిచే ఏడు సీట్ల హైబ్రిడ్ బండి తీరే అది. నిదానంగా కదిలే రద్దీలో చాలా వరకు బ్యాటరీ మీదే నడుస్తుంది; బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది. టోలిచౌకి నుంచి అక్కడికి వచ్చేసరికి మీటరు లీటరుకు 17 కిలోమీటర్లు చూపించింది. మా పాత డీజిల్ బండి ఇదే దారిలో 11 దాటదు.

11.6 కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ మీద బండి ఎంతో నిలకడగా సాగింది. ముందు వాహనంతో దూరం చూసుకుని తానే వేగం తగ్గించుకునే క్రూయిజ్ కంట్రోల్ నాకు బాగా నచ్చింది. ఆరాంఘర్‌లో కిందికి దిగి ఆటోల మధ్య పడగానే దాన్ని ఆపేశాను.

అయినా మనసు అమ్మ మోకాళ్ల దగ్గరే ఉండిపోయింది. సీటు మరీ కిందికి ఉండడంతో అవి పొట్ట దాకా లేచి ఉన్నాయి; దిగేటప్పుడు రెండో వరుస సీటు మడిచి, నా భుజం ఆసరా ఇచ్చి దించవలసి వచ్చింది. ఆమెను అలా కూర్చోబెట్టి తిరుపతి దాకా తీసుకెళ్లలేను.

రేపు ఇంకో బండి చూస్తాం. ఈసారి స్టీరింగ్ పట్టుకోకముందే మూడో వరుసలో నేనే అరగంట కూర్చుంటాను.