నాయన డిపాజిట్ క్లెయిమ్ చేసుకున్నాం, బ్యాంకు ఇంగ్లీషుతో నా అనుభవం

మా నాయన పోయిన సంవత్సరం కాలం చేశారు. కావలిలో ఒక బ్యాంకులో ఆయనకి సేవింగ్స్ అకౌంటు, అమ్మతో కలిపి వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. ఆ పనంతా నేనే చూశా, అందుకే రాస్తన్నా, ఎవరికన్నా పనికొస్తది.

డిపాజిట్ బాండు మీద ఫార్మర్ ఆర్ సర్వైవర్ అని ఉంది. కౌంటర్లో సారు ఆ మాట చదవంగానే అమ్మ "అవును సార్, వరి పండిస్తాం" అనింది. ఇక్కడ ఫార్మర్ అంటే రైతు కాదు, బాండులో మొదటి పేరున్న మనిషి. ఆయన బతికున్నన్నాళ్లు ఆయనొక్కడే తీసుకోవాలి, పోయాక రెండో ఆమెకి, అంటే సర్వైవర్‌కి వస్తది. నాయన ఐసీయూలో ఉన్నప్పుడు అమ్మ ఆ డబ్బు తీయబోతే కుదర్లేదు, చేతిలో బాండు పెట్టుకుని వడ్డీకి తెచ్చాం, నాకు ఇప్పటికీ బాధే. అదే ఈదర్ ఆర్ సర్వైవర్ అని రాయించి ఉంటే, గడువు తీరిన డిపాజిట్‌ని ఇద్దర్లో ఎవరైనా తీసుకోవచ్చు, గడువుకి ముందే తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ కావాల. డిపాజిట్ వేసేరోజు ఈ తేడా ఎవరూ చెప్పరు, మనమే అడగాల.

సేవింగ్స్‌కి నామినీ మా అన్న. నామినీ అంటే డబ్బంతా వాడిదే అని ఊళ్లో అందరూ అనుకుంటారు, మా అక్క కూడా అదే అనుకుని లోపల్లోపల కుమిలిపోయింది పాపం. కాదు, నామినీ అంటే వారసుల తరఫున బ్యాంకులో డబ్బు చేతికి తీసుకునేవాడు, అంతే. వీలునామా లేదు కాబట్టి వాటా అమ్మకీ అన్నకీ అక్కకీ నాకూ సమానం, అన్నే ఆ మాట అక్కకి చెప్పినాడు.

ఇంక క్లెయిమ్ ఫారం. అందులో డిసీజ్డ్ అని ఉంటే చనిపోయినాయన పేరు రాయాల, పక్క బల్ల మీద ఒక పెద్దాయన జబ్బు అడుగుతున్నారనుకుని షుగర్ అని రాస్తా ఉంటే చూసి ఆయన ఫారం కూడా నేనే నింపిచ్చా. క్లెయిమెంట్ అంటే డబ్బు అడిగే మనిషి. కౌంటర్లో కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసులెవరో చెప్పే కాగితం తెమ్మన్నారు. నామినీ గానీ సర్వైవర్ గానీ ఉంటే అది అడగకూడదు, కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలని రిజర్వ్ బ్యాంకు రూలే ఉంది. మేనేజర్‌ని కలిసి అదే చెప్పా, డెత్ సర్టిఫికెట్, ఆధార్‌లు తీసుకుని పని మొదలుపెట్టారు.

డబ్బు పడ్డాక అమ్మ పేరు, అక్క పేరు కలిపి కొత్త డిపాజిట్ వేశాం, ఈసారి ఈదర్ ఆర్ సర్వైవర్ అనే రాయించాం.