పట్టీ తీసి చూస్తే: సిగార్లు పోల్చి కొన్న నా అనుభవం

ఉద్యోగరీత్యా ఫ్లోరిడాలోని టాంపా నగరానికి వచ్చి స్థిరపడిన తరువాతనే నాకు సిగార్ల మీద శ్రద్ధ కలిగింది. ఈ ఊరి చరిత్ర సిగార్లతో ముడిపడి ఉంది. 1880లలో విసెంటే మార్తీనెజ్ ఈబోర్ అనే వ్యాపారి తన కర్మాగారాన్ని కీ వెస్ట్ నుంచి ఇక్కడికి తరలించి, చుట్టూ కార్మికులకు ఇళ్లు కట్టించగా వెలసిన పేట నేటికీ ఈబోర్ సిటీ అనే పేరుతోనే ఉంది. ఆ కాలంలో కార్మికులు బల్లల ముందు కూర్చుని సిగార్లు చుడుతూ ఉంటే, ఎత్తైన పీఠం మీద కూర్చున్న పాఠకుడొకరు వారికి వార్తాపత్రికలు, నవలలు స్పానిష్ భాషలో చదివి వినిపించేవారు. ఆయన జీతాన్ని కార్మికులే తలా కొంత వేసుకుని చెల్లించేవారు. అంత శ్రద్ధతో, అంత గౌరవంతో సాగిన పనికి వారసత్వంగా మిగిలిన వస్తువును ధర చూసో, పెట్టె అందం చూసో కొనడం నాకు సరిగా తోచలేదు.

పైగా ఇది డబ్బుతో కూడిన విషయం. ఇక్కడి దుకాణాలలో తేమ అదుపులో ఉంచిన గదిలోకి అడుగుపెడితే వందల రకాలు కనిపిస్తాయి. ఆరేడు డాలర్లకు వచ్చే సిగార్ పక్కనే పాతిక డాలర్లది ఉంటుంది. ఇరవై, ఇరవై అయిదు సిగార్ల పెట్టె కొనాలంటే వందల డాలర్ల మాట. అందువల్ల పెట్టె కొనే ముందు విడిగా ఒక్కొక్కటి తెచ్చుకుని, ఒక పద్ధతి ప్రకారం పోల్చి, ఏవి తమ ధరకు తగినవో తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

మొదట తేల్చుకోవలసి వచ్చింది పేర్ల సంగతి. కోహిబా, మోంటెక్రిస్టో, రోమియో ఇ హులియెటా, పార్తగాస్, హెచ్. ఉప్మన్ అనే పేర్లు విన్నవారందరూ అవి క్యూబా సిగార్లనే అనుకుంటారు. కానీ అమెరికా దుకాణాలలో ఆ పేర్లతో దొరికేవి క్యూబాలో తయారైనవి కావు. 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ పరిశ్రమను జాతీయం చేయడంతో పాత యజమానులలో పలువురు దేశం విడిచి వెళ్లారు. 1962 ఫిబ్రవరిలో అమెరికా క్యూబా సరుకుల దిగుమతిని నిషేధించింది. ఆ తరువాత అవే పేర్లతో రెండు వేర్వేరు వంశాలు పెరిగాయి: ఒకటి క్యూబా ప్రభుత్వ ఆధ్వర్యంలో తయారై ఇతర దేశాలకు వెళ్లేది, రెండవది ఎక్కువగా డొమినికన్ రిపబ్లిక్‌లోనో హోండురస్‌లోనో వేరే సంస్థలు తయారుచేసి అమెరికాలో అమ్మేది. పేరు ఒకటే అయినా ఆకు వేరు, చేతులు వేరు, రుచి వేరు. విదేశాలకు వెళ్లివచ్చే ప్రయాణికులు తమ సొంతానికి క్యూబా సిగార్లు తెచ్చుకోవడానికి 2016లో వచ్చిన వెసులుబాటు కూడా 2020 సెప్టెంబరులో రద్దయింది. కాబట్టి అమెరికాలో ఉంటున్న నాకు క్యూబా సిగార్ల ప్రసక్తే లేదు.

హైదరాబాదులో ఉన్న మా బావమరిదికి ఈ అడ్డంకి లేదు. అయితే అతనికున్న బెడద నకిలీలది. ఎవరో తెలిసినవారు తక్కువ ధరకు ఇస్తామన్నారని ఒకసారి కోహిబా పెట్టె ఫొటో పంపాడు. పెట్టెకు గాజు మూత ఉంది. క్యూబా కోహిబా గాజు మూత పెట్టెల్లో రాదు గనుక, మిగతా వివరాలేవీ చూడనవసరం లేకుండానే వద్దని చెప్పగలిగాను.

పేర్లు పక్కన పెట్టిన తరువాత చూడవలసింది ఆకు. సిగార్‌లో మూడు భాగాలుంటాయి: లోపల నింపే ఫిల్లర్, దాన్ని బిగించి పట్టి ఉంచే బైండర్, పైన కనిపించే ర్యాపర్. ఫిల్లర్‌లోనూ మొక్క మీద ఆకు ఉన్న చోటును బట్టి గుణం మారుతుంది. అడుగున పెరిగే వొలాదో ఆకు చక్కగా మండుతుంది, మధ్యన ఉండే సెకో వాసననిస్తుంది, పైన ఎండంతా తాగిన లిహెరో ఘాటునిస్తుంది. లిహెరో మందంగా ఉండి నెమ్మదిగా కాలుతుంది కాబట్టి చుట్టేటప్పుడు దాన్ని నడిమధ్యన ఉంచుతారు. ఈ కొలత తప్పితే సిగార్ ఒక పక్కగా కాలిపోవడమో, మధ్యలో ఆరిపోవడమో జరుగుతుంది.

ఇవన్నీ చదువుతున్నప్పుడు నాకు కొత్త లోకంలోకి అడుగుపెట్టినట్టు అనిపించలేదు. మా తాతగారిది గోదావరి లంకలలో ఒక ఊరు. వరద తీసిన తరువాత మిగిలిన ఒండ్రు నేలలో పెరిగే లంక పొగాకుకు చుట్టల తయారీలో పెద్ద పేరుండేది. ఆకు పదును మీద ఉందా లేదా అని వేళ్ల మధ్య నలిపి చూడడం, ఆరిన ఆకును మండె కట్టి, అంటే కుప్పగా పేర్చి మగ్గబెట్టడం, లోపల వేడి పెరగగానే మండె విప్పి తిరగవేయడం ఆయన రోజూ చేసిన పనులు. నికరాగువాలోని ఎస్తెలీ, హలాపా లోయలలో చేసేది కూడా మూలంలో ఇదే. అక్కడ మండెల మధ్యలో ఉష్ణమాపకం పెట్టి వేడి కొలుస్తారు, మగ్గిన ఆకును మళ్లీ ఏళ్ల తరబడి నిలవ ఉంచుతారు. ఒక సిగార్ ధర మరొకదానికంటే ఎందుకు ఎక్కువో తెలుసుకోవాలంటే ఆ ఆకు ఎన్నేళ్లు నిలవ ఉందో, ఎంత ఏరివేత జరిగిందో అడగడమే సరైన మార్గమని నాకు తాతగారి పనిని బట్టే స్పష్టపడింది.

ర్యాపర్ విషయం మరింత శ్రద్ధగా చూశాను. కనెక్టికట్ షేడ్ అనే ర్యాపర్‌ను గుడ్డ పందిళ్ల నీడలో పెంచుతారు. ఆకు పలచగా, లేత రంగులో ఉండి రుచి మృదువుగా వస్తుంది. ఎక్వడార్‌లో పందిళ్ల అవసరం అంతగా ఉండదు, మబ్బులే నీడనిస్తాయి. కనెక్టికట్‌లోనే ఎండలో పెరిగే బ్రాడ్‌లీఫ్ మందంగా ఉంటుంది. ఎక్కువకాలం మగ్గబెడితే నల్లబడి, మదూరో అనే ముదురు సిగార్లకు పనికివస్తుంది. ఇక్కడ చాలామంది నమ్మకానికి విరుద్ధమైన సంగతి ఒకటి ఉంది. నల్లగా ఉన్నదల్లా ఘాటైనది కాదు. మదూరో ర్యాపర్ తరచుగా తియ్యదనాన్నే ఇస్తుంది, ఘాటు ప్రధానంగా లోపలి లిహెరోను బట్టి ఉంటుంది.

పోల్చే పద్ధతిని ఇలా ఏర్పరచుకున్నాను. పరిమాణం మారితే రుచి మారుతుంది కాబట్టి వీలైనంతవరకు అన్నీ రోబుస్టో పరిమాణంలోనే తీసుకున్నాను. అంటే పొడవు 5 అంగుళాలు, మందం 50 రింగ్ గేజ్. అంగుళంలో 64వ వంతును ఒక రింగ్ గేజ్‌గా లెక్కిస్తారు. దుకాణం నుంచి తెచ్చిన వెంటనే కాల్చకుండా, దేవదారు వాసన వేసే సెడార్ కర్ర పెట్టెలో, 65 నుంచి 69 శాతం తేమలో కొన్ని వారాలు ఉంచాను. తేమ ఎక్కువైతే సిగార్ బిగుసుకుని పొగ సులువుగా రాదు, తక్కువైతే త్వరగా కాలి చేదెక్కుతుంది. ఆ తేడాను బ్రాండ్‌కు అంటగడితే అన్యాయమవుతుంది. మా ఆవిడ ప్రతి సిగార్‌కు ఉన్న కాగితపు పట్టీని తీసివేసి, చిన్న అంకె చీటీ కట్టి, ఏ అంకె ఏ బ్రాండ్‌దో తన దగ్గర రాసి ఉంచింది. ఎప్పుడూ భోజనం తరువాతే, మంచినీళ్లతో మాత్రమే రుచి చూశాను. పొగ సులువుగా వస్తోందా, నిప్పు సమంగా దిగుతోందా, మొదటి, రెండవ, మూడవ భాగాలలో రుచి మారుతోందా, అన్నవి మూడూ రాసుకున్న తరువాతే ధర చూశాను.

పట్టీ లేకుండా చూడడం నా అంచనాలను బాగా మార్చింది. బంగారు రంగు పట్టీతో, లక్క పూత పెట్టెతో వచ్చే ఒక ఖరీదైన సిగార్ మొదటి భాగం దాటాక ఒకే రుచిలో నిలిచిపోయింది. దాని ధరలో మూడోవంతుకు దొరికే మరొకటి చివరి వరకు కొత్త కొత్త రుచులనిచ్చింది. పత్రికలు ఇచ్చే మార్కులు కూడా చూశాను. వందకు తొంభై పైన వచ్చినవి సాధారణంగా బాగానే ఉన్నాయి, కానీ తొంభై రెండుకూ తొంభై నాలుగుకూ మధ్య నా నాలుకకు తేడా తెలియలేదు.

నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నవి పాద్రోన్ సిగార్లు. క్యూబా నుంచి వలస వచ్చిన హోసె ఒర్లాందో పాద్రోన్ వడ్రంగం చేసి కూడబెట్టిన 600 డాలర్లతో 1964లో మయామీలో మొదలుపెట్టిన సంస్థ ఇది. తరువాత నికరాగువా ఆకునే నమ్ముకుంది. ఈ సంస్థవి రెండు శ్రేణులు పోల్చాను. 1964 యానివర్సరీ సిగార్లను పెట్టెలో నొక్కి నలుపలకలుగా చేస్తారు గనుక పట్టీ తీసినా అది ఏ సిగారో నాకు తెలిసిపోయింది. ఆ విషయం మనసులో పెట్టుకునే చదవాలి. కోకో, కాఫీ గుర్తుకుతెచ్చే రుచి, ఎక్కడా కరుకుదనం లేని పొగ. అయితే అదే సంస్థ మామూలు శ్రేణిలో 2000 అనే అంకెతో అమ్మే రోబుస్టో గుండ్రంగానే ఉంటుంది, ధర దాదాపు సగం ఉంటుంది, దాని గుర్తింపు తెలియకుండానే నేను దానికి చాలా ఎక్కువ మార్కులు వేశాను. పెట్టెగా కొనదగినది అదేనని నా నిశ్చయం. 1964ను పండుగలకూ శుభకార్యాలకూ విడిగా ఒకటీ రెండూ తెచ్చుకుంటే చాలు.

మృదువైనవి ఇష్టపడే మిత్రుల కోసం చూసినప్పుడు ఆష్టన్ క్లాసిక్ నిలిచింది. అది కనెక్టికట్ షేడ్ ర్యాపర్‌తో డొమినికన్ రిపబ్లిక్‌లో ఆర్తురో ఫ్వెంతే కుటుంబం చేతుల మీదుగా తయారవుతుంది. పట్టీ మీద ఉన్న పేరు ఒకరిది, చుట్టిన కర్మాగారం మరొకరిది కావడం ఈ వ్యాపారంలో మామూలే. కొనేవారు ఏ కర్మాగారంలో తయారైందో అడిగి తెలుసుకోవడం ఎంతో అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. మంచి దుకాణదారులు ఆ మాటకు సంతోషంగా జవాబు చెబుతారు. ఫ్వెంతే వారు 1912లో టాంపాలోనే మొదలైనవారు. వారి సొంత పేరుతో వచ్చే 8-5-8 సిగార్‌కు కామెరూన్ ర్యాపర్ ఉంటుంది. మిరియాల ఘాటూ కొద్దిపాటి తీపీ కలిసిన ఆ రుచి మరే ఆకుకూ రాలేదు. వారిదే ఓపస్ ఎక్స్ మాత్రం దొరకడం కష్టం, ఆ కొరత వల్ల ముద్రించిన ధర కంటే ఎంతో ఎక్కువకు చేతులు మారుతుంది. ఆ అదనపు డబ్బు రుచికి చెల్లిస్తున్నది కాదు కాబట్టి నేను వదిలేశాను.

ఘాటు కోరుకునేవారికి ఒలీవా సీరీ వి సరైనది. హలాపా లిహెరో బలం అందులో బాగా తెలుస్తుంది, కడుపు నిండా తిన్న తరువాతే కాల్చాలి. భారతీయ మూలాలున్న రాకీ పటేల్ న్యాయవాద వృత్తి వదిలి స్థాపించిన సంస్థ నుంచి వచ్చే వింటేజ్ 1992 మధ్యస్థంగా, నిలకడగా ఉంది. ఇంటికి వచ్చేవారికి ఇవ్వడానికి టాంపాకే చెందిన జె.సి. న్యూమన్ వారి బ్రిక్ హౌస్ ఎంచుకున్నాను. నికరాగువాలో తయారయ్యే ఈ సిగార్ తక్కువ ధరలో ఇంత బాగా కాలడం నన్ను సంతోషపెట్టింది.

పెట్టె కొనే ముందు అయిదింటి కట్ట కొని చూడడం మేలు. ఒకటి బాగుంటే అన్నీ బాగుంటాయనే హామీ లేదు. నాకు మొదట ఎంతో నచ్చిన ఒక సిగార్, కట్టగా తెచ్చినప్పుడు రెండింటిలో పొగ ఏమాత్రం రాకుండా బిగుసుకుంది. చేతితో చుట్టే వస్తువులో నిలకడ కూడా ధరలో భాగమే కనుక దాన్ని జాబితాలోంచి తీసేశాను. ఫ్లోరిడాలో సిగార్ల మీద రాష్ట్ర పొగాకు పన్ను లేకపోవడం ఇక్కడివారికి కలిసివచ్చే విషయం. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలలో ఉన్న మన మిత్రులు నా లెక్కలను తమ పన్నుతో సరిచూసుకోవాలి.

ఆరోగ్యం సంగతి దాచకుండా చెప్పాలి. పొగ మింగకపోతే ప్రమాదం లేదనే మాట నిజం కాదు. సిగార్ పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర ద్వారానే ఒంటికి పడుతుంది. నోటి, గొంతు క్యాన్సర్లకు సిగార్లు కారణమవుతాయి. ఒక పెద్ద సిగార్‌లో సిగరెట్ పెట్టెడంత పొగాకు ఉండవచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిలి క్యాన్సర్ రావడం వైద్యులు ఎంతోకాలంగా చూస్తున్నదే. అలవాటు లేనివారు నా రాతలు చదివి మొదలుపెట్టవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. నేను కూడా ఈ పోలికను తొందరపడి ముగించక, రెండు సిగార్ల మధ్య వారాల ఎడం ఉంచి సాగదీశాను. అందువల్ల నాలుకకు కూడా విశ్రాంతి దొరికి తీర్పు స్పష్టంగా వచ్చింది.

చివరికి పెట్టెలుగా కొన్నవి పాద్రోన్ 2000, బ్రిక్ హౌస్ మాత్రమే. ఆష్టన్, 8-5-8, ఒలీవా అయిదేసి కట్టలుగా తెస్తున్నాను. హోండురస్‌లోని హమాస్త్రాన్ లోయ ఆకుతో చేసినవి నేనింకా చూడలేదు. వాటిలో రోబుస్టోలు కొన్ని తెచ్చి, అంకె చీటీలు కట్టించి, కర్ర పెట్టెలో ఉంచాను.